రీల్ విన్నవాళ్లు మీ పేజీలో ఆగాలంటే: పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ప్రొఫైల్ పాఠం

ఎవరో రాత్రి భోజనం అయ్యాక ఫోన్‌లో రీల్స్ తిప్పుతూ మీ పాట దగ్గర ఆగారు. గొంతు నచ్చింది. మీ పేరు మీద నొక్కారు. అప్పుడు వాళ్లకు కనిపించేది మీ ప్రొఫైల్ పేజీ: పైన గుండ్రటి ఫొటో, రెండు మూడు లైన్ల పరిచయం, కింద తొమ్మిదో పన్నెండో వీడియోల బొమ్మలు. ఈ మనిషి ఏం పాడతారు, ఇలాంటిదే ఇంకో పాట ఎక్కడుంది, ఫాలో అయితే నాకేం వస్తుంది? ఈ మూడింటికీ అక్కడే జవాబు దొరకాలి. దొరక్కపోతే వెనక్కి వెళ్లిపోతారు, మళ్లీ వెతుక్కుందామన్నా మీ పేరు గుర్తుండదు. తెలుగులో బాగా పాడేవాళ్లు చాలామంది వీడియో మీద పడే కష్టంలో పదో వంతు కూడా ఈ పేజీ మీద పడరు. అందుకే రీల్‌కి లక్ష వ్యూస్ వచ్చినా ఫాలోవర్ల సంఖ్య కదలదు.

2020 జూన్‌లో టిక్‌టాక్ మీద నిషేధం వచ్చాక మన దగ్గర కొత్త శ్రోతలు దొరికే చోట్లు ప్రధానంగా రెండే మిగిలాయి: ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్. ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఆ రెండింటి గురించే. ఫేస్‌బుక్‌ను కూడా పూర్తిగా వదిలేయకండి. నలభై దాటిన రసికులు, సభల నిర్వాహకులు, విదేశాల్లోని తెలుగు సంఘాలవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఇన్‌స్టాలో పెట్టిన రీల్ అక్కడికీ వెళ్లేలా సెట్టింగ్ ఆన్ చేసి ఉంచితే చాలు.

ముందు పేరు తేల్చుకోండి

తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. శ్రీలత అనే పేరే తీసుకోండి. ‘శ్రీ’ చివర ఐ రాసేవాళ్లున్నారు, రెండు ‘ఈ’లు రాసేవాళ్లున్నారు, ఎస్ పక్కన హెచ్ చేర్చేవాళ్లున్నారు. ‘త’కి టి ఒక్కటే రాయొచ్చు, టి హెచ్ అనీ రాయొచ్చు. అన్నీ కలిపి చూస్తే అప్పటికే ఎనిమిది రూపాలు. యూట్యూబ్‌లో ఒకటి, ఇన్‌స్టాలో ఒకటి, స్పాటిఫైలో ఇంకొకటి ఉంటే మిమ్మల్ని వెతికినవాళ్లకు మీరు ముగ్గురు మనుషులు.

ఒక రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే పెట్టండి. ఎంచుకునే ముందు ఆ పేరు యూట్యూబ్ హ్యాండిల్‌గా (@ గుర్తు తర్వాత వచ్చే పేరు), ఇన్‌స్టా యూజర్‌నేమ్‌గా రెండుచోట్లా ఖాళీగా ఉందో లేదో చూడండి. రెండింటిలోనూ ముప్ఫై అక్షరాల వరకు పెట్టుకోవచ్చు, కానీ పదిహేను దాటితే ఎవరూ సరిగ్గా టైప్ చేయలేరు. పేరు దొరక్కపోతే చివర అంకెలు, అండర్‌స్కోర్‌లు తగిలించడం కన్నా వాద్యం పేరో ఊరి పేరో చేర్చడం మేలు. ఒక పరీక్ష ఉంది. కచేరీ చివర వ్యాఖ్యాత మైకులో మీ హ్యాండిల్ ఒక్కసారి చదివితే ముందు వరసలోవాళ్లు తప్పు లేకుండా టైప్ చేయగలగాలి. ‘మధ్యలో అండర్‌స్కోర్, తర్వాత రెండు ఏలు’ అని వివరించాల్సి వస్తే ఆ పేరు మార్చండి.

ఇన్‌స్టాలో యూజర్‌నేమ్ కాక ‘నేమ్’ అని ఇంకో గడి ఉంటుంది. పేజీలో ముదురు అక్షరాల్లో కనిపించేది అదే. సెర్చ్‌లో ఆ గడి కూడా లెక్కలోకి వస్తుంది. ఎక్కువమంది దాంట్లో పేరొక్కటే పెట్టి వదిలేస్తారు. ‘శ్రీలత | వీణ’ అనో ‘శ్రీలత | జానపద గాయని’ అనో ఇంగ్లిషు అక్షరాల్లో రాయండి. వీణ అని వెతికేవాళ్లకు మీరు దొరికే అవకాశం అక్కడ మొదలవుతుంది. ఇంగ్లిషు అక్షరాలెందుకంటే, తెలుగువాళ్లలో చాలామంది వెతికేటప్పుడు ఆ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. తెలుగు లిపి బయోలో మొదటి లైనులో ఉండనివ్వండి. ఈ గడిని పద్నాలుగు రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి ఆలోచించుకుని రాయండి.

పాటలు స్పాటిఫై, జియోసావన్ లాంటి చోట్లకు వెళ్లేది డిస్ట్రిబ్యూటర్ ద్వారా, అంటే మన పాటను ఆ యాప్‌లకు చేర్చిపెట్టే సంస్థ ద్వారా. అక్కడ పేరులో ఒక్క అక్షరం తేడా పడినా మీకు రెండో ఆర్టిస్ట్ పేజీ పుడుతుంది, పాటలు రెండుచోట్ల చీలిపోతాయి. అదే పేరున్న ఇంకొకరి పేజీలో మీ పాట చేరడమూ జరుగుతుంది. రెండో పాట అప్‌లోడ్ చేసేటప్పుడు పేరు కొత్తగా టైప్ చేయకుండా, మీ పాత ఆర్టిస్ట్ పేజీ లింకు ఇచ్చి దానికే కలపమని అడిగే గడి నింపండి.

బయో: నూటయాభై అక్షరాలే

ఇన్‌స్టా బయోకి 150 అక్షరాల పరిమితి. తెలుగులో రాస్తే ఇది ఇంకా ఇరుకు, ఎందుకంటే గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, లెక్కలో ఆరు. అంటే తెలుగులో సుమారు డెబ్బై అక్షరాలకు మించి పట్టవు. మాటలు పొదుపుగా వాడక తప్పదు.

ఇలాంటి బయోలు ఎన్నో కనిపిస్తాయి: ‘సంగీతమే నా ప్రాణం. నాదోపాసకురాలిని. అమ్మానాన్నల ఆశీస్సులతో. కలలు కంటూ సాగే బాటసారిని.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చదివినవాళ్లకు మీరు పాడతారా, వాయిస్తారా, శాస్త్రీయమా, సినిమా పాటలా అన్నదే తెలియదు. దాని బదులు ఇలా రాసి చూడండి:

వీణ. రాజమండ్రి.
ప్రతి శనివారం ఒక కీర్తన, ఆదివారం దాని పాఠం.
కచేరీలకు కింది లింకు.

మొదటి లైను మీరెవరో చెప్పింది. రెండోది ఫాలో అయితే ఏం వస్తుందో చెప్పింది. మూడోది నిర్వాహకులకు దారి చూపించింది. ఊరి పేరు తప్పక రాయండి. పెళ్లి సంగీత్‌కో, వినాయక చవితి పందిరికో పిలిచేవాళ్లు ముందు చూసేది మీరు ఎంత దూరంలో ఉన్నారనే. రెండో లైనులో మాట ఇచ్చే ముందు మాత్రం మీ ఓపిక లెక్క వేసుకోండి. వారానికి ఒకటి కుదరదనుకుంటే ‘నెలకు రెండు’ అనే రాయండి. ‘ప్రతి శనివారం’ అని రాసి ఉన్న పేజీలో చివరి వీడియో నాలుగు నెలల నాటిదైతే, వచ్చినవాళ్లు ఈ మనిషి పాడటం మానేశారేమో అనుకుంటారు.

సొంత ఫోన్ నంబరు బయోలో పెట్టకండి. ముఖ్యంగా అమ్మాయిలకు ఇది గట్టిగా చెప్పాల్సిన మాట: వేళాపాళా లేని కాల్స్ మొదలయ్యాక నంబరు మార్చుకోవడం తప్ప దారి ఉండదు. కచేరీల కోసం వేరే సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, లేదా కార్యక్రమాలకే ఒక మెయిల్ తెరవండి.

లింకులు ఐదు వరకు పెట్టుకోవచ్చు. రెండు మూడు చాలు. పేజీలో పైకి కనిపించేది మొదటి లింకే, మిగతావి నొక్కితేనే తెరుచుకుంటాయి. కాబట్టి మొదటిది ఈ నెల కొత్త పాట, తర్వాత యూట్యూబ్ ఛానల్, తర్వాత బుకింగ్ లింకు. పెట్టాక మీ ఖాతా లేని ఇంకెవరి ఫోన్‌లోనైనా తెరిచి చూడండి. మీ ఫోన్‌లో లాగిన్ అయి ఉండటం వల్ల బాగానే తెరుచుకునే లింకు, బయటివాళ్లకు లాగిన్ పేజీ చూపించడం చాలా మామూలు.

ఫొటో, బ్యానర్, పైన పిన్ చేసే మూడు

ఫొటో గురించి ఎక్కువ చెప్పేది లేదు. చిన్న గుండ్రంలో ముఖం తెలియాలి. మైకు ముఖానికి అడ్డం పడిన కచేరీ ఫొటో, వెనక దాతల పేర్లతో ఫ్లెక్సీ ఉన్న ఫొటో పనికిరావు. వాద్యకారులైతే ముఖంతో పాటు వాద్యంలో ఒక ముక్క కనిపించినా చాలు. అన్నిచోట్లా అదే ఫొటో ఉండాలి. యూట్యూబ్ బ్యానర్ కొలత 2560 × 1440 పిక్సెళ్లు. ఫోన్‌లో మాత్రం మధ్యలోని 1546 × 423 భాగం చుట్టుపక్కలే కనిపిస్తుంది. పేరు, ‘ప్రతి శనివారం’ అన్న మాట ఆ మధ్య పట్టీలోనే ఉంచండి. పక్కలకు రాసినవి ఫోన్‌లో కనిపించవు.

ఇన్‌స్టాలో మూడు పోస్టులను పైన పిన్ చేయొచ్చు. మీ పేజీలో అన్నిటికన్నా విలువైన స్థలం ఇది. ఎక్కువ వ్యూస్ వచ్చిన మూడింటిని పిన్ చేయాలని అనిపిస్తుంది. అవి ట్రెండింగ్ సినిమా పాట మీద చేసిన సరదా వీడియోలైతే, ఆ పిన్ చూసి వచ్చినవాళ్లు మీ అసలు సంగీతానికి నిలబడరు. ఒకటి మీ గొంతూ ముఖమూ రెండూ స్పష్టంగా తెలిసే నిమిషం వీడియో. రెండోది వేదిక మీద, ఎదురుగా జనంతో ఉన్న కచేరీ క్లిప్, నిర్వాహకులు నమ్మేది దాన్నే. మూడోది మీ సొంత బాణీయో, తాజా పాటో. మూడోదాన్ని కొత్త పాట వచ్చినప్పుడల్లా మార్చండి.

2025 జనవరి నుంచి ఇన్‌స్టా పేజీలో బొమ్మలు చతురస్రంగా కాక నిలువుగా కనిపిస్తున్నాయి. అంతకుముందు చేసిన కవర్ల మీద పక్కలకు రాసిన అక్షరాలు తెగిపోయి ఉంటాయి. ఒకసారి కిందికి తిప్పి చూసుకుని, తెగిన వాటికి కవర్ మార్చండి. వీడియో మళ్లీ పెట్టక్కర్లేదు, ‘ఎడిట్’లోకి వెళ్లి కవర్ ఒక్కటీ మార్చితే చాలు.

యూట్యూబ్ ఛానల్‌ను పాటల అలమరలా సర్దండి

రీల్ పరిచయం చేస్తుంది, మనిషిని కూర్చోబెట్టేది యూట్యూబ్. ఛానల్ మొదటి పేజీలో, సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లకు ఒక వీడియో, చేసినవాళ్లకు వేరే వీడియో కనిపించేలా పెట్టుకునే వీలుంది. కొత్తవాళ్లకు మూడు నిమిషాలు మించని మీ మంచి పాట పెట్టండి. ‘హాయ్ ఫ్రెండ్స్, నా ఛానల్‌కి స్వాగతం’ అనే పరిచయ వీడియో అక్కడ వద్దు. పాట వినడానికి వచ్చినవాళ్లకు పాటే వినిపించాలి.

ప్లేలిస్టులకు పేర్లు జనం వెతికే మాటల్లో పెట్టండి. ‘నా ప్రదర్శనలు’ అని ఎవరూ వెతకరు. లాలి పాటలు, బతుకమ్మ పాటలు, మోహన రాగ కీర్తనలు, హనుమంతుడి పాటలు అని వెతుకుతారు. ఒకే వీడియో రెండు మూడు ప్లేలిస్టుల్లో ఉండొచ్చు.

పూర్తి కచేరీ పెట్టేవాళ్లు చాప్టర్లు తప్పక రాయండి. డిస్క్రిప్షన్‌లో 0:00తో మొదలుపెట్టి, కనీసం మూడు సమయాలు వరసగా, ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకుండా రాస్తే యూట్యూబే వీడియోను భాగాలు చేస్తుంది. ప్రతి సమయం పక్కన కీర్తన పేరు, రాగం, తాళం, వాగ్గేయకారుడు రాయండి. రెండు గంటల కచేరీలో తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) కోసమే వచ్చే మృదంగ విద్యార్థులుంటారు. వాళ్లకు ఆ చోటు సూటిగా చూపిస్తే మళ్లీ మళ్లీ వస్తారు.

డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాట విడుదల చేసినవాళ్లకు ఇంకో చిక్కుంది. మీ పేరుతో, చివర ‘టాపిక్’ అన్న మాటతో యూట్యూబ్ తనంతట తానే ఒక ఛానల్ సృష్టిస్తుంది. పాటలు ఒకచోట, వీడియోలు ఇంకోచోట అయిపోతాయి. డిస్ట్రిబ్యూటర్‌ను అడిగి ‘అఫీషియల్ ఆర్టిస్ట్ ఛానల్’కి దరఖాస్తు పెట్టించండి. అప్పుడు రెండూ కలిసిపోతాయి, పేరు పక్కన సంగీత స్వరం గుర్తు వస్తుంది.

షార్ట్స్ పెట్టినప్పుడు డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో ఇచ్చిన లింకులు 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కితే తెరుచుకోవడం లేదు. ‘పూర్తి పాట లింకు కింద’ అని రాసి ఊరుకోవద్దు. అప్‌లోడ్ చేశాక యూట్యూబ్ స్టూడియోలో (ఛానల్‌ను నడుపుకునే యాప్) ‘రిలేటెడ్ వీడియో’ అన్న చోట మీ పూర్తి పాటను ఎంచుకోండి. షార్ట్ మీదే నొక్కదగిన లింకు వస్తుంది.

చెవికి నచ్చకపోతే పేజీ ఎంత బాగున్నా దండగే

ఫోన్‌లో తీసిన వీడియోల్లో సంగీతం పాడయ్యేది ఎక్కువగా నాలుగు చోట్ల.

మొదటిది, ఫోన్ మైకు శబ్దాన్ని తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. డప్పో మృదంగమో గట్టిగా మోగగానే గొంతు లోపలికి పోతుంది. వీడియోను ఒక ఫోన్‌తో, శబ్దాన్ని మైకు తగిలించిన ఇంకో ఫోన్‌తో గానీ చిన్న రికార్డర్‌తో గానీ విడిగా తీయండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత రెండింటినీ కలపడం తేలిక. రికార్డింగ్‌లో గరిష్ఠ స్థాయి మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూసుకోండి. ఎర్ర గుర్తు దాటి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

రెండోది, కాలర్ మైకుల్లో ఉండే నాయిస్ క్యాన్సిలేషన్. మాట్లాడేవాళ్లకు అది వరం. మనకు మాత్రం అదే ముప్పు, ఎందుకంటే ఆగకుండా ఒకే తీరుగా మోగే తంబూర శ్రుతిని అది ఫ్యాను చప్పుడు కిందే లెక్కేసి తీసేస్తుంది. గమకం (స్వరాన్ని ఊపుతూ పలికే తీరు) చివర సన్నగా జారే నాదం కూడా తెగిపోతుంది. మైకు రిసీవర్‌లోనో యాప్‌లోనో వెతికి దాన్ని ఆపేయండి. బదులుగా గదిలో ఫ్యాను, ఏసీ ఆపి, మందపాటి పరదాలు, పరుపు ఉన్న పడకగదిలో తీయండి. గచ్చు నేల, ఖాళీ గోడల హాల్లో గొంతు మార్మోగుతుంది.

మూడోది, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు. అది మొదలవగానే శబ్దం ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. దాంతో ఎప్పుడూ రికార్డు చేయకండి.

నాలుగోది, చివరి స్థాయి. యూట్యూబ్, స్పాటిఫై రెండూ సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకు శబ్దాన్ని తెచ్చుకుంటాయి. అంతకు మించి గట్టిగా పెంచి పంపితే వాళ్లు తగ్గిస్తారు, మీకు మిగిలేది నలిగిపోయిన గొంతు.

ఇక రీల్ ఎక్కడ మొదలవ్వాలి? శ్రుతి సరిచూసుకోవడం, ‘నమస్కారం, ఈ రోజు నేను…’ అనడం, గొంతు సవరించుకోవడం అన్నీ కోసేయండి. మొదటి రెండు సెకన్లలోనే గానం ఉండాలి. పల్లవితోనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. చరణంలో గొంతు పై స్థాయికి వెళ్లే చోటో, చిట్టస్వరం (కృతి మధ్యలో వచ్చే స్వరాల వరస) దూకే చోటో అయితే ఇంకా మంచిది. ముప్ఫై నుంచి అరవై సెకన్లు తీసుకుని, సంగతి (పాటలో ఒకే లైనును కొత్తగా మలిచి పాడే వరస) పూర్తయ్యాకే ఆపండి. సంగతి మధ్యలో తెగితే విన్నవాళ్ల చెవికి అది వెలితిగానే ఉంటుంది, మళ్లీ వినరు.

సాహిత్యం తెర మీద తెలుగులో వేయండి. కింద నాలుగో వంతు, కుడివైపు అంచు వదిలేయండి, అక్కడ క్యాప్షన్, లైక్ బొమ్మలు కప్పేస్తాయి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోయి ‘పల్లవి’లో లకారాలు రెండూ పక్కపక్కన పొల్లుతో నిలబడతాయి. రామభద్ర, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి వేసినా విడిపోతుంటే తప్పు యాప్‌ది. అక్షరాలను వేరేచోట బొమ్మగా చేసుకుని వీడియో మీద అతికించండి. తప్పులున్న సాహిత్యం తెర మీద కనిపిస్తే కామెంట్లన్నీ దాని మీదే నడుస్తాయి, పాట పక్కకు పోతుంది.

పక్కవాద్యం వాళ్ల శ్రోతలు మీ శ్రోతలవ్వాలి

ఇన్‌స్టాలో ‘కొలాబ్’ అనే సౌకర్యం ఉంది. పోస్టు చేసేటప్పుడు ఇంకో ఖాతాను సహకర్తగా పిలిస్తే, వాళ్లు ఒప్పుకున్నాక అదే వీడియో ఇద్దరి పేజీల్లోనూ ఉంటుంది. లైకులు, కామెంట్లు ఒకేచోట చేరతాయి. వయొలిన్, మృదంగం, ఘటం వాయించినవాళ్లను, పాటకు నాట్యం చేసినవాళ్లను, పాట రాసినవాళ్లను ఇలా పిలవండి. ట్యాగ్ చేయడం వేరు, ఇది వేరు. ట్యాగ్ చేసిన వీడియో వాళ్ల ఫాలోవర్లకు వెళ్లదు, కొలాబ్ వెళ్తుంది. పోస్టు చేయడానికి ముందే ఫోన్ చేసి చెప్పండి. పిలుపు రెండు రోజులు అలాగే పడి ఉంటే మొదటి ఊపు పోతుంది.

పక్కవాద్యం వాళ్ల పేర్లు క్యాప్షన్‌లో రాయకపోవడం మన దగ్గర పాత జబ్బు. ఆహ్వాన పత్రికలో పేర్లు వేస్తాం, రీల్‌లో మర్చిపోతాం. అది వాళ్లను నొప్పిస్తుంది, మీకొచ్చే శ్రోతలనూ తగ్గిస్తుంది.

పండగల లెక్క

తెలుగు శ్రోత పాటలు వెతికేది పంచాంగాన్ని బట్టే. శ్రీరామనవమికి రామదాసు, ఆషాఢంలో బోనాల పాటలు, భాద్రపదంలో గణపతి, మహాలయ అమావాస్య నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మ, ధనుర్మాసంలో రోజుకో పాశురం చొప్పున ముప్ఫై తిరుప్పావై, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. పండగ రోజున పెట్టిన పాట ఆలస్యమైనట్టే. బతుకమ్మ పాట నేర్చుకుని, చప్పట్లు కుదుర్చుకుని ఆడటానికి ఆడవాళ్లకు కనీసం మూడు వారాలు కావాలి. డిస్ట్రిబ్యూటర్‌కు పాట పంపడానికి ఇంకో రెండు మూడు వారాలు. స్పాటిఫై ప్లేలిస్టు సంపాదకులకు పంపాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పాట వాళ్ల దగ్గరుండాలి. అంటే రికార్డింగ్ పండగకు రెండు నెలల ముందే అయిపోవాలి.

అమెరికాలో తెలుగు సంఘాలు పండగను దగ్గర్లోని శనివారానికో ఆదివారానికో జరుపుకుంటాయి. వాళ్లకు చేరాలంటే మన రాత్రి ఏడున్నరకు పెట్టండి. వేసవి సమయంలో డాలస్‌లో అప్పుడు ఉదయం తొమ్మిది. ఇక్కడ ఇంటికి చేరినవాళ్లు, అక్కడ వారాంతపు కాఫీ తాగేవాళ్లు ఇద్దరికీ కుదురుతుంది.

హక్కులు: అన్నమయ్య పాటకూ చూసుకోవాలి

సినిమా పాట పాడితే యూట్యూబ్‌లో సాధారణంగా కంటెంట్ ఐడీ క్లెయిమ్ వస్తుంది, అంటే యూట్యూబ్ యంత్రమే పాటను గుర్తుపట్టి ఇది ఫలానా వాళ్లదని చెబుతుంది. వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోతుంది. కాపీరైట్ స్ట్రైక్ వేరే సంగతి, అది హక్కుదారు ఫిర్యాదు మీద వీడియో తీసేసి ఇచ్చే హెచ్చరిక. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ మీద పాడటం రెండు రకాలుగా చిక్కు: పాటకో హక్కుదారు, ట్రాక్‌కో హక్కుదారు. ఒక గిటారో కీబోర్డో సొంతంగా వాయించుకుని పాడితే రెండోది తప్పుతుంది. సినిమా పాటను స్పాటిఫైలాంటి చోట్ల పెట్టాలంటే అనుమతి విడిగా తీసుకోవాలి.

భక్తి సంగీతం పాడేవాళ్లు ‘ఇది పాతది, అందరిదీ’ అనుకుని చిక్కుల్లో పడుతుంటారు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, ఆయన కృతులకు ఆ ఇబ్బంది లేదు. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503, సాహిత్యానికి ఇబ్బంది లేదు. కానీ 1922లో తిరుమలలో వెలుగుచూసిన, ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి తప్ప స్వరాలు లేవు. ఈ రోజు మనం పాడుకునే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి విద్వాంసులు కట్టినవి. సాహిత్యం అన్నమయ్యదైనా బాణీ ఇంకొకరిది. ఏ బాణీ పాడుతున్నారో కనుక్కుని, కట్టినవాళ్ల పేరు డిస్క్రిప్షన్‌లో రాయండి. విడుదల చేసి డబ్బు సంపాదించే ఆలోచన ఉంటే అనుమతి అడగండి, లేదా రాగిరేకులో చెప్పిన రాగంలో సొంత బాణీ కట్టండి. సొంత బాణీలు ఎక్కువైతే సంగీతానికీ మంచిదే.

త్యాగరాజ కృతి పాడినా, ఇంకెవరి రికార్డింగ్‌తోనో పోలి ఉందని యంత్రం పొరపాటున క్లెయిమ్ వేయొచ్చు. కంగారుపడి తీసేయకండి. ‘ఇది నా సొంత ప్రదర్శన, రచన పబ్లిక్ డొమైన్‌లో ఉంది’ అని రాసి డిస్ప్యూట్ పెట్టండి. జవాబివ్వడానికి క్లెయిమ్ వేసినవాళ్లకు 30 రోజులుంటాయి. అసలు రికార్డింగ్ ఫైలు దాచుకోండి, సాక్ష్యం అదే.

జానపదం పాడేవాళ్లు పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వాళ్లు ఒప్పుకుంటే, పేరూ ఊరూ రాయండి. పొలంలో నాట్లేస్తూ పాడిన అవ్వ పాటకు ‘సాహిత్యం: ఫలానా’ అని మన పేరు వేసుకోవడం దొంగతనమే.

ఫాలోవర్లను కొనకండి

‘మూడు వేలకు పదివేల ఫాలోవర్లు’ లాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. నైతికత సంగతి పక్కన పెట్టినా అది మీ పేజీకి నష్టం. కొత్త వీడియో పెట్టగానే దాన్ని ముందు చూసేవాళ్లలో మీ ఫాలోవర్లూ ఉంటారు. కొన్న ఖాతాలు చూడవు, పంచవు. ఎవరికీ పట్టని వీడియో అన్న లెక్కలో పడి అది నిజమైన శ్రోతల దాకా వెళ్లదు. నిర్వాహకులు కూడా ఇప్పుడు చూస్తున్నారు: యాభై వేల ఫాలోవర్లున్న పేజీలో ఏడు కామెంట్లుంటే పిలవరు.

దాని బదులు పోస్టు పెట్టాక గంటసేపు ఫోన్ దగ్గరుండి వచ్చిన ప్రతి కామెంటుకూ జవాబివ్వండి. ‘ధన్యవాదాలు’ అని అందరికీ ఒకటే అతికించకండి. ‘ఏ రాగం అండీ?’ అని అడిగితే రాగం చెప్పి, అదే రాగంలో ఇంకో పాట పేరు కూడా చెప్పండి. ఎవరైనా పాట అడిగితే, పాడి, వాళ్ల కామెంటు తెర మీద వేసి పెట్టండి. కచేరీల్లో వేదిక పక్కన మీ పేజీ క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న స్టాండీ పెట్టించండి. ఎదురుగా కూర్చుని రెండు గంటలు విన్న మనిషి, వెయ్యి వ్యూస్ కన్నా ఎక్కువ కాలం మీతో ఉంటారు.

నెలకోసారి రెండు అంకెలు చూడండి

ఇన్‌స్టా ఇన్‌సైట్స్‌లో ఎంతమంది మీ పేజీకి వచ్చారు, వాళ్లలో ఎంతమంది ఫాలో అయ్యారు అన్నవి కనిపిస్తాయి. వ్యూస్ ఉండి పేజీకే ఎవరూ రాకపోతే లోపం వీడియోల్లో ఉంది: మీ పేరు, ముఖం గుర్తుండేలా లేవు. పేజీకి వచ్చి ఫాలో కాకుండా వెళ్లిపోతుంటే బయో, పిన్ చేసిన మూడు మార్చాలి. ఒకసారికి ఒకటే మార్చి నెల ఆగండి, లేకపోతే దేనివల్ల మారిందో తెలియదు. యూట్యూబ్‌లో రిటెన్షన్ గీత (చూసేవాళ్లు ఎంతసేపు నిలబడ్డారో చూపేది) మొదటి ముప్ఫై సెకన్లలో నిట్టనిలువుగా పడుతుంటే మీ మొదలు చాలా పొడవుగా ఉందని అర్థం.

యూట్యూబ్ ప్రకటనల వాటాకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ కావాలి. దాని కోసం ఆత్రపడకండి. చాలామంది తెలుగు సంగీతకారులకు పేజీ వల్ల వచ్చే అసలు ఆదాయం కచేరీలు, పాఠాలు, పెళ్లిళ్లు. సొంత పాటలు రాసి బాణీ కట్టేవాళ్లు మాత్రం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. పాట ఎక్కడ మోగినా రచయితకు, స్వరకర్తకు రావాల్సిన రాయల్టీ వసూలు చేసే సంస్థ అది.

తాళాలు మీ దగ్గరే ఉండాలి

‘మీ వీడియో కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో ఈ లింకులో అప్పీల్ చేయండి’ అని మెసేజ్ వస్తే అది దాదాపు ఎప్పుడూ మోసమే. నిజమైన నోటీసులు యూట్యూబ్ స్టూడియోలో, ఇన్‌స్టా ‘అకౌంట్ స్టేటస్’లో కనిపిస్తాయి. లింకు నొక్కకుండా అక్కడికే వెళ్లి చూడండి. రెండంచెల భద్రత ఈ రోజే ఆన్ చేయండి, ఆ బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఛానల్‌ను ఎడిటింగ్ చేసే తమ్ముడో, స్టూడియోవాళ్లో వాళ్ల మెయిల్‌తో తెరిచి ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో ‘పర్మిషన్స్’ దగ్గర వాళ్లకు ఎడిటర్ హోదా ఇస్తే పాస్‌వర్డ్ ఇవ్వకుండానే పని చేయించుకోవచ్చు, అవసరం తీరాక తీసేయొచ్చు. ఓనర్‌గా ఉండాల్సింది మీ సొంత మెయిల్. రికవరీకి ఇచ్చిన ఫోన్ నంబరు ఇంకా వాడుకలో ఉన్నదేనా అన్నది కూడా చూసుకోండి. రీఛార్జ్ చేయక పోయిన సిమ్ కొన్నాళ్లకు వేరేవాళ్ల చేతికి వెళ్తుంది, ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి.